ఇంట్లో చేసే కానుకలు, 4వ పాఠం: సాగిన పల్లీపట్టి, పెళ్లికార్డు డబ్బా

పోయిన పాఠంలో పల్లీపట్టి చేశాం. ఈసారి పాత పెళ్లికార్డులతో డబ్బాలు మడిచి, పట్టి అందులో సర్దుదామని అప్పుడే చెప్పాను. కానీ సర్దడానికి పట్టి ఉండాలి కదా. మీరు పంపిన ఫోటోలు, చేసిన ఫోన్లు బట్టి చూస్తే సగం ఇళ్లలో అది కుదరలేదు. కొందరిది పళ్లకు అతుక్కుంది. కొందరిది ఆ పూటకి బాగానే ఉండి తెల్లారేసరికి చెమ్మగిల్లింది. ఇద్దరిది మాడి చేదెక్కింది. కాబట్టి డబ్బా సంగతి తర్వాత. ముందు పాకం.

మా అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు అమ్మాయి తను చేసిన పట్టిని పళ్లెంతో సహా పట్టుకొచ్చింది. బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. వేలు పైకి తీస్తే సన్నటి తీగ సాగింది.

"ఆంటీ, మీరు రాసినట్టే ఆరు నిమిషాలు పెట్టాను."

"నీళ్లలో వేసి చూశావామ్మా?"

"చూశానాంటీ. రాయిలా గట్టిగా ఉంది. అందుకే పల్లీలు పోసేశాను."

"నీళ్లు ఎక్కడివి?"

"ఫ్రిజ్‌లోవి."

అదీ సంగతి. ఆ తర్వాత ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ ఇదే ప్రశ్న అడిగాను. పట్టి సాగిందన్న వాళ్లలో ఎక్కువమంది ఫ్రిజ్ నీళ్లే వాడారు. ఆరు నిమిషాలని రాయడం మాత్రం నా తప్పు. మీ కడాయి మందం వేరు, మీ స్టవ్ మంట వేరు, మీ బెల్లంలో తడి వేరు. ఆ అంకె కొట్టేయండి. పాకానికి గడియారం పనికిరాదు.

ఇప్పుడు ఈ ఫ్రిజ్ నీళ్ల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే వంట బాగా వచ్చిన వాళ్లు కూడా ఇక్కడే మోసపోతున్నారు. బెల్లం కరిగి మరుగుతున్నంతసేపూ అందులోని నీరు ఆవిరైపోతూ ఉంటుంది. వేళ్ల మధ్య తీగలా సాగే తీగపాకంలో ఇంకా ఐదో వంతు దాకా నీరుంటుంది. నీళ్లలో వేస్తే గట్టి ఉండ కట్టే గట్టి ఉండపాకం వచ్చేసరికి నూటికి ఎనిమిది పాళ్ల దగ్గరికి దిగుతుంది. పట్టికి కావలసిన ముదురుపాకంలో ఒకటి రెండు పాళ్లకు మించి నీరు ఉండకూడదు. ఆ మిగిలిన నీరే పట్టి సాగాలా, విరగాలా అన్నది తేలుస్తుంది. చల్లటి నీళ్లలో ఎలాంటి పాకం వేసినా బిగుసుకుంటుంది. చలికి నెయ్యి గడ్డకట్టదా, అలాగే. మంచులాంటి నీళ్లలో ఉండపాకం వేస్తే అదీ రాయిలాగే తగులుతుంది. మీరు మురిసిపోయి పల్లీలు కలిపేస్తారు. అది గది వేడికి వచ్చాక అసలు రంగు బయటపడుతుంది.

అందుకే కుండ నీళ్లో, కాసేపు గదిలో ఉంచిన నీళ్లో వాడండి. ఈ చలికాలం పొద్దున్నే మన దగ్గర ట్యాంకు నీళ్లు కూడా వేళ్లు కొంకర్లు పోయేలా ఉంటాయి, అవీ వద్దు. గిన్నెలో నాలుగు చుక్కల పాకం వేసి, గట్టిపడిన ముక్కను బయటికి తీయండి. వెంటనే తీర్పు చెప్పకండి. రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఇరవై లెక్కపెట్టండి. మీ వేళ్ల వేడి తగిలాక కూడా అది వంగకుండా టప్పున విరగాలి. వంగితే ఇంకా కాలేదు. విరిగిన ముక్కను స్టీలు పళ్లెంలో వేస్తే టంగుమని మోగాలి. చివరగా నోట్లో వేసుకుని కొరకండి. పంటికి పట్టుకుందా, మళ్లీ స్టవ్ మీదకి. ఈ మూడూ సరిపోతేనే పల్లీలు. ఒకటి సరిపోయి రెండు సరిపోకపోతే పాకం కుదరనట్టే. పరీక్ష చేసిన ప్రతిసారీ నీళ్లు మార్చాలి. పాత నీళ్లలో బెల్లం కరిగి ఉంటుంది, పైగా వేడెక్కి ఉంటాయి.

ఇంకో మాట. ముక్క చూస్తున్నంతసేపు స్టవ్ కట్టేయండి. మాడిందన్న ఇద్దరూ ఇక్కడే దెబ్బతిన్నారు. గట్టి ఉండపాకం దాటాక కథ చాలా వేగంగా నడుస్తుంది. మీరు ఇరవై లెక్కపెట్టేలోపు కడాయిలో పాకం నల్లబడిపోతుంది. కట్టేసి చూడండి, కాకపోతే మళ్లీ వెలిగించండి. దానివల్ల పాకానికి వచ్చే నష్టమేమీ లేదు.

పాకం కొలిచే థర్మామీటర్ ఉన్నవాళ్లు అంకె చెప్పమన్నారు. పంచదార ముదురుపాకానికి, అంటే పెళుసు పాకానికి, పుస్తకాల్లో 146 డిగ్రీల సెల్సియస్ నుంచి అని ఉంటుంది. ఆ లెక్క సముద్ర మట్టం దగ్గరిది. మన హైదరాబాద్ 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అందుకని ఒకటి రెండు డిగ్రీలు తగ్గించి, 144 దగ్గర స్టవ్ కట్టేసి ముక్క పరీక్ష చేయండి. బెల్లంలో పంచదార కాక వేరే పదార్థాలు కూడా ఉంటాయి కాబట్టి అది త్వరగా మాడుతుంది. నేనైతే థర్మామీటర్ వాడను. టంగుమన్న శబ్దం చాలు.

బెల్లం గురించి కూడా అడిగారు. మోండా మార్కెట్‌లో గానీ బేగంబజార్‌లో గానీ కొట్లో "పాకానికి" అని అడిగి తీసుకోండి, ఏది కావాలో వాళ్లకి తెలుసు. గోరుతో గీకితే పొడిగా రాలాలి. మైనంలా అంటుకుంటే అందులో తడి ఎక్కువ, పాకం ఒక పట్టాన ముదరదు. నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉండకూడదు. పసుపుపచ్చగా మెరిసిపోయే బెల్లం నేను కొనను. ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. ముదురు గోధుమరంగు అనకాపల్లి బెల్లం దొరికితే నాకు వేరేది అక్కర్లేదు. రంగు ముదురైన కొద్దీ పాకం మాడిందో లేదో కంటికి తెలియదన్న మాట నిజమే. అప్పుడు ముక్కును నమ్మండి.

పోయినసారి చెడిపోయిన పట్టి పారేయకండి. సాగుతున్నది అయితే ముక్కలు చేసి, కడాయిలో రెండు చెంచాల నీళ్లతో సన్నమంట మీద కరిగించి, పల్లీలతో సహా మళ్లీ ముదరనివ్వండి. కలుపుతూనే ఉండాలి. పల్లీలు కాస్త ఎర్రబడతాయి, రుచికి ఢోకా లేదు. అంత ఓపిక లేకపోతే కరిగిన దాంట్లో మరమరాలు పోసి, చేతికి నెయ్యి రాసుకుని ఉండలు కట్టేయండి, పిల్లలు ఆ పూటే అవగొడతారు. మాడి చేదెక్కిన దానికి మాత్రం మందు లేదు.

తెల్లారేసరికి చెమ్మగిల్లిన వాళ్లది వేరే సమస్య. మీ పాకం బాగానే వచ్చింది. పట్టి వెచ్చగా ఉండగానే డబ్బాలో పెట్టి మూత బిగించారు. లోపల ఆవిరి చేరి మళ్లీ పట్టి మీదే కూర్చుంది. బెల్లం గాల్లో తడిని కూడా లాగేసుకుంటుంది. పూర్తిగా చల్లారనిచ్చి, ఆ వెంటనే గాలి చొరని స్టీలు డబ్బాలో పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు.

కొలతలు మళ్లీ చెప్తున్నాను. వేయించి పొట్టు తీసిన పల్లీ బద్దలు 250 గ్రాములు, బెల్లం 200 గ్రాములు, నీళ్లు రెండు చెంచాలు, నెయ్యి ఒక చెంచా, చిటికెడు వంటసోడా. పల్లీలు వేయించడం అందరికీ వచ్చిందే. సోడా పాకం అయ్యాక, పల్లీలకి ముందు వేయాలి. పాకం ఒక్కసారి నురగలా పొంగి రంగు తేలుతుంది. ఆ గాలి బుడగల వల్లే పట్టి రాయిలా కాకుండా కరకరలాడుతుంది. నువ్వులతో చేసేవాళ్లు 200 గ్రాముల నువ్వులకు 180 గ్రాముల బెల్లం తీసుకోండి. పాకం అదే, పరీక్షలూ అవే. నువ్వులు వేయించేటప్పుడు చిటపటలాడగానే దించేయాలి, లేకపోతే చేదు. మన వీధుల్లో మరాఠీ వాళ్లు సంక్రాంతికి నువ్వులు బెల్లం పంచుతారు కదా, ఈసారి వాళ్లకి మీ చేత్తో చేసిన నువ్వుల పట్టి ఇవ్వండి. క్రిస్మస్‌కి పక్కింటి వాళ్లు కేకు పెట్టి పంపిన గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వడం నాకు నచ్చదు. అందులోకీ ఇదే.

పది డబ్బాలు, ఒక్కోదానిలో 100 గ్రాములు కావాలంటే అంచుల తరుగుతో కలిపి 600 గ్రాముల పల్లీలు, 480 గ్రాముల బెల్లం పడతాయి. అంతా ఒకేసారి పొయ్యి మీద పెట్టకండి. చపాతీ పీట మీద పరిచి అప్పడాల కర్రతో వత్తేలోపు సగం బిగుసుకుపోతుంది. మూడు వాయిలుగా చేయండి. వేడి మీదే 3 సెంటీమీటర్ల చదరాలుగా కత్తితో గాట్లు పెట్టండి. ఎందుకు 3 అన్నది డబ్బా దగ్గర తెలుస్తుంది.

డబ్బాకి వద్దాం. బేగంబజార్‌లో గిఫ్ట్ డబ్బాలు డజన్ల లెక్కన దొరుకుతాయి. కానీ బీరువా మీద దుమ్ము పట్టిన పెళ్లికార్డుల కట్ట ఉండగా డబ్బు పెట్టి డబ్బా కొనాలని నాకు అనిపించదు. డిసెంబర్ అయిపోతుంది కాబట్టి ఈ ఏడాది క్యాలెండర్ కాగితాలు కూడా చేతికొస్తాయి. క్రిస్మస్ కానుకకి అవే బాగుంటాయి.

అడుగు భాగానికి 18 సెంటీమీటర్ల చదరం కోయండి. బొమ్మ వైపు కిందికి ఉంచి, రెండు మూలల గీతల వెంబడి మడిచి విప్పండి. నాలుగు మూలలనూ మధ్య బిందువుకి మడవండి. ఇప్పుడు చిన్న చదరం వచ్చింది. దాని ఎదురెదురు అంచులను మధ్య గీత దాకా మడిచి విప్పండి, మిగతా రెండు అంచులకూ అలాగే చేయండి. ఎదురెదురుగా ఉన్న రెండు మూలలను మాత్రం పూర్తిగా బయటికి విప్పి, మడిచే ఉన్న రెండు వైపులనూ గోడల్లా నిలబెట్టండి. విప్పిన కొసను పైకి లేపుతుంటే పక్కల గీతలు వాటంతటవే లోపలికి మడతపడతాయి. కొసను గోడ మీదుగా లోపలికి తెచ్చి అడుగుకి ఆనించండి. రెండో కొస కూడా అంతే. జిగురు అక్కర్లేదు.

దీని అడుగు 6.3 సెంటీమీటర్ల చదరం, ఎత్తు 3 పైచిలుకు వస్తుంది. వరుసకు నాలుగు పట్టి ముక్కలు సరిగ్గా పడతాయి. అందుకే 3 సెంటీమీటర్లన్నాను. పట్టిని 7 మిల్లీమీటర్ల మందంలో వత్తి ఉంటే నాలుగు వరుసలు పడతాయి. మూతకి పెళ్లికార్డైతే 18.8, పలచటి క్యాలెండర్ కాగితమైతే 18.5 సెంటీమీటర్ల చదరం తీసుకుని అదే పద్ధతిలో మడవండి.

మందపాటి కార్డును నేరుగా మడిస్తే గీత దగ్గర పెచ్చులు లేస్తుంది. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో, స్కేలు పెట్టి గీత గీసి అప్పుడు మడవండి. గీత మీద స్టీలు చెంచా వెనక వైపుతో ఒకసారి రుద్దితే అంచు కత్తిలా వస్తుంది.

బొమ్మ విషయంలో ఒక చిక్కుంది. ఈ మడతలో డబ్బా గోడలు చదరం మూలల గీతలకు సమాంతరంగా వస్తాయి. అంటే కాగితం మధ్యలో ఉన్న బొమ్మ మూత మీద ఏటవాలుగా కనిపిస్తుంది. నిటారుగా రావాలంటే చదరాన్ని వజ్రం ఆకారంలో, మూల పైకి ఉండేలా కోయాలి. క్యాలెండర్ కాగితంలో అంత చోటు ఉంటుంది, కార్డులో ఉండదు. వినాయకుడి బొమ్మ మీదుగా కత్తెర పోనివ్వడానికి నాకు చెయ్యి రాదు. అందుకని బొమ్మను చుట్టూ కత్తిరించి పక్కన పెట్టుకుని, మూత తయారయ్యాక పైన నిటారుగా అంటిస్తాను. కార్డుల మీద పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న వైపు లోపలికి పోవాలి.

లోపల బటర్ పేపర్ తప్పనిసరి. ప్రింటింగ్ ఇంకు తిండికి తగలకూడదు. న్యూస్‌పేపర్‌లో తినేవి చుట్టవద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లోనే హెచ్చరించింది. అట్ట డబ్బా గాలిని ఆపదు కాబట్టి పట్టిని స్టీలు డబ్బాలోనే ఉంచి, ఇవ్వబోయే రోజు పొద్దున సర్దండి.

అభ్యాసం. ఈసారి పల్లీలు ముట్టుకోకండి. మందపాటి చిన్న గిన్నెలో 100 గ్రాముల బెల్లం, ఒక చెంచా నీళ్లు పెట్టండి. తీగపాకం వచ్చినప్పుడు ఒక చుక్క, మెత్తటి ఉండ కట్టినప్పుడు ఒకటి, గట్టి ఉండ కట్టినప్పుడు ఒకటి, టంగుమన్నప్పుడు ఒకటి, అది దాటి ముక్కుకి కాస్త ఘాటు తగిలినప్పుడు ఒకటి, మొత్తం ఐదు చుక్కలు నెయ్యి రాసిన స్టీలు పళ్లెంలో వరుసగా వేయండి. పక్కన కాగితం ముక్క మీద ఏది ఏదో రాసి పెట్టండి. ఒక గంటకి ఐదూ నొక్కి చూడండి. మూత పెట్టకుండా వదిలేసి, మర్నాడు పొద్దున ఐదూ కొరికి చూడండి. గంట తర్వాత ఎలా ఉంది, తెల్లారాక ఎలా ఉంది అన్నది కాగితం మీద రాయండి. ఇలా మూడు వేర్వేరు రోజులు చేయండి. అందులో ఒకరోజు కావాలనే ఫ్రిజ్ నీళ్లతో పరీక్షించండి. మూడు వందల గ్రాముల బెల్లం ఖర్చవుతుంది. ఒక వాయి పల్లీపట్టి పాడవడం కంటే అది చౌక. మిగిలిన పాకం మాడకముందే అయితే టీలోకి వాడేసుకోండి.

వచ్చే పాఠం అరిసెలు. అక్కడ ముదురుపాకం పట్టారో, అరిసె విరిగిపోతుంది. మీ వరుసలో రెండో చుక్కకీ మూడో చుక్కకీ మధ్య ఎక్కడో ఆపాలి. ఆ కాగితాలు దగ్గర పెట్టుకోండి, అవి చూస్తూనే మొదలుపెడతాం. బియ్యం ముందురోజు పొద్దున్నే నానబోయండి.