బండికి మినరల్ ఇంజన్ ఆయిల్ ఎలా ఎంచుకోవాలి, ఎలా మార్చాలి?

రోజూ ఆఫీసుకో పొలానికో తిరిగే 100, 110, 125 సీసీ బళ్ళకు ముడి చమురును శుద్ధి చేసి తీసే మినరల్ ఆయిల్ చక్కగా సరిపోతుంది. ఈ ఇంజన్లు బోరుకు రావడానికి (సిలిండర్ అరిగిపోవడానికి) మినరల్ ఆయిల్ కారణం కావడం అరుదు. లెవెల్ తగ్గినా చూడకుండా నడపడం, మార్చాల్సిన గడువు దాటించడం, తప్పు గ్రేడు పోయడం, ఎక్కువ నష్టం ఈ మూడింటితోనే వస్తుంది. సింథటిక్ (రసాయనికంగా తయారుచేసిన ఆయిల్) ధరలో సగానికి అటూఇటూ దొరికే మినరల్ ఆయిల్‌ని వేళకు మార్చిన ఇంజన్, ఖరీదైన ఆయిల్ పోసి ఏడాది మరిచిపోయిన ఇంజన్ కంటే బాగుంటుంది.

వాడకూడని చోట్లూ ఉన్నాయి. టర్బో ఇంజన్లు, పొగ ఫిల్టరు ఉన్న బీఎస్-6 కాలుష్య ప్రమాణపు డీజిల్ కార్లు, 0డబ్ల్యూ-16, 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడు అడిగే కొత్త పెట్రోలు కార్లు మినరల్ ఆయిల్‌కి తగవు. వాటికి యజమాని పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయండి.

డబ్బా మీద ఏం చదవాలి?

మొదట గ్రేడు. హీరో స్ప్లెండర్‌కు 10డబ్ల్యూ-30, బజాజ్ పల్సర్లలో చాలావాటికి 20డబ్ల్యూ-50. మీ బండి మాట పుస్తకంలో చూసుకోండి. డబ్ల్యూ ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. తర్వాతి అంకె ఇంజన్ వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. 20డబ్ల్యూ రకాన్ని మైనస్ 15 డిగ్రీల దగ్గర కూడా ఇంజన్ తిప్పగలిగేలా పరీక్షిస్తారు కాబట్టి లంబసింగి చలిలో కూడా స్టార్టింగ్‌కి ఇబ్బంది లేదు. మనకు అసలు పరీక్ష మే నెలలో, రామగుండం లాంటి ఊళ్ళ ఎండలో, ట్రాఫిక్‌లో మొదటి గేరులో పాకేటప్పుడు. గాలితో చల్లబడే ఇంజన్‌కి అప్పుడు గాలి తగలదు.

అలాగని ఎండాకాలం కదా అని చిక్కటిది పోసేయకండి. 10డబ్ల్యూ-30 అడిగిన ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే ఉదయం పై భాగానికి ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా పడిపోతుంది. బాగా అరిగి ఆయిల్ తాగుతున్న పాత ఇంజన్‌కి మాత్రం ఒక మెట్టు చిక్కటిది కొంతకాలం ఊరటనిస్తుంది.

రెండోది జాసో గుర్తు, అంటే జపాన్ వాహన ప్రమాణాల సంస్థ ఇచ్చే తరగతి. గేరు బళ్ళలో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. అందుకే జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. కారు ఆయిల్ మిగిలింది కదా అని బైకులో పోస్తే, అందులో ఒరిపిడి తగ్గించే రసాయనాలుంటే క్లచ్ జారుతుంది. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం ముందుకు లాగదు. గేర్లు లేని స్కూటర్ల క్లచ్ పొడిది, వాటికి జాసో ఎంబీ సరైనది. స్కూటర్ వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ విడిగా ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. అది కొద్దిపాటిదే, చాలావాటిలో 100 నుంచి 120 మిల్లీలీటర్లు. మార్చడం మరిచేది ఎక్కువగా దాన్నే.

మూడోది ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) తరగతి. పెట్రోలు ఇంజన్లకు ఎస్‌తో మొదలవుతుంది: ఎస్‌జే, ఎస్‌ఎల్, ఎస్‌ఎం, ఎస్‌ఎన్. రెండో అక్షరం ముందుకెళ్ళే కొద్దీ కొత్త ప్రమాణం. పుస్తకం ఎస్‌ఎల్ అడిగితే ఎస్‌ఎన్ పోయవచ్చు, ఎస్‌జే మాత్రం వద్దు.

కొనేటప్పుడు మూత సీలు, బ్యాచ్ నంబరు, తయారైన నెల చూడండి. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజ్ ఆయిల్ ఎంత చవకైనా వద్దు. అందులో ఏ గ్రేడుందో ఎవరూ చెప్పలేరు. వాడిన ఖాళీ డబ్బాకు మేకుతో రెండు చిల్లులు పెట్టి పడేయండి. నకిలీ ఆయిల్ నింపేవాళ్ళకు కావలసింది మంచి డబ్బానే.

మార్చే పద్ధతి

కావలసినవి: బోల్టుకు సరిపోయే రింగు పానా (100 సీసీ బళ్ళలో చాలావాటికి 17 నంబరు), కొత్త డ్రెయిన్ వాషర్ (ఆయిల్ దింపే బోల్టుకు వేసేది), గరాటు, వెడల్పాటి పళ్ళెం, పాత నూలు గుడ్డ, కొలత గీతలున్న సీసా.

1. బండిని మూడు నాలుగు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచండి. గోరువెచ్చటి ఆయిల్ మడ్డితో సహా దిగుతుంది. దూరం తిరిగొచ్చి వెంటనే విప్పితే మాత్రం చెయ్యి కాలుతుంది.

2. ఇంజన్ ఆపి, సమతలంగా ఉన్నచోట సెంటర్ స్టాండ్ వేయండి. పైన ఆయిల్ మూత ముందే వదులు చేయండి, గాలి ఆడితే ఆయిల్ వేగంగా దిగుతుంది.

3. పళ్ళెం పెట్టి అడుగు బోల్టు విప్పండి. చివరి మరలు వేళ్ళతో తిప్పుతూ, బోల్టును పైకి అదుముతూ తీస్తే ఆయిల్‌లో పడిపోదు. పది నిమిషాలు కారనివ్వండి.

4. ఈలోగా దిగిన ఆయిల్‌ని చూడండి. ఒక చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దితే చాలా సంగతులు తెలుస్తాయి. వెలుతురులో సన్నటి వెండి మెరుపు కొద్దిగా ఉంటే కొత్త బండికి మామూలే. గరుకుగా ఇసుక తగిలినట్టుంటే, బోల్టుకు ముక్కలు అంటుకుని ఉంటే గేర్లు గానీ బేరింగులు గానీ అరుగుతున్నాయి. పాలు కలిపిన టీ రంగుంటే నీళ్ళు చేరాయి. వరద నీటిలో నడిపినా, రోజూ కిలోమీటరు లోపే తిప్పినా ఇలా జరుగుతుంది. ఘాటుగా పెట్రోలు వాసన వస్తే కార్బొరేటర్ (కొత్త బళ్ళలో ఇంజెక్టర్) లీకవుతుండవచ్చు, అది బాగుచేయించకుండా కొత్త ఆయిల్ పోసి లాభం లేదు. నలుపు రంగును చూసి మాత్రం భయపడకండి. మసిని తనలో పట్టి ఉంచడం ఆయిల్ పని. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కొద్దిరోజులకే నల్లబడుతుంది.

5. బోల్టు తుడిచి, కొత్త వాషర్ వేసి, మొదట చేత్తోనే బిగించండి. అడ్డంగా ఎక్కితే అక్కడే ఆపేయండి. ఇంజన్ అడుగు అల్యూమినియం, బోల్టు ఉక్కు. పానా మీద కాలు పెట్టి బిగిస్తే మరలు ఊడొస్తాయి, తర్వాత లేత్ షాపులో కొత్త మర వేయించాల్సిందే. చేత్తో బిగిసిన తర్వాత పానాతో గట్టిగా ఒక్క లాగు చాలు.

6. ఫిల్టరున్న బండిలో ఫిల్టరు కూడా మార్చండి. పాత తరహా 100 సీసీ ఇంజన్లలో కాగితం ఫిల్టరు ఉండదు, జాలీ, గిర్రున తిరుగుతూ మడ్డిని పట్టే గిన్నె ఉంటాయి. వాటిని శుభ్రం చేయాలంటే కుడివైపు కవరు విప్పాలి, అది మెకానిక్ పని.

7. పుస్తకంలో చెప్పినంతే కొలిచి పోయండి. "డబ్బా మొత్తం పోసేద్దాం" అనడం మామూలైన తప్పు. డబ్బాలో 900 మిల్లీలీటర్లు ఉన్నాయని మీ ఇంజన్‌కి అంతా పట్టదు. ఎక్కువైతే లోపల తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, సీళ్ళు కారతాయి, ఆయిల్ గాలి ఫిల్టరులోకి చేరుతుంది.

8. రెండు నిమిషాలు ఇంజన్ నడిపి, ఆపి, మూడు నిమిషాలు ఆగి లెవెల్ చూడండి. డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ కొలిచే పుల్ల) తుడిచి పెట్టేటప్పుడు చాలా బళ్ళలో మర తిప్పకూడదు, ఊరికే ఆనించి తీయాలి. మర బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. సైడ్ స్టాండ్ మీద చూసిన లెవెల్‌ని నమ్మకండి.

ఎన్నాళ్ళకోసారి?

పుస్తకంలోని గడువు మామూలు వాడకానికి. దుమ్ము దారులు, ముగ్గురు ఎక్కడం, రోజంతా డెలివరీ తిరుగుడు ఉంటే 2,000 నుంచి 3,000 కిలోమీటర్లకే మార్చండి. బైకులో గేరు పళ్ళు కూడా ఆయిల్‌ని నలిపి పల్చబరుస్తాయి. గేరు గట్టిగా పడటం, న్యూట్రల్ దొరక్కపోవడం దానికి తొలి గుర్తులు. పాత కార్లకు 5,000 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అది. తక్కువ తిరిగే బండికీ నెలల లెక్క వర్తిస్తుంది, తేమ ఆగదు కదా.

మధ్యలో ప్రతి 500 కిలోమీటర్లకు, లేదా నెలకు రెండుసార్లు లెవెల్ చూడండి. కింది గీత కంటే తగ్గితే అదే గ్రేడు ఆయిల్ వంద మిల్లీలీటర్లు పోసి మళ్ళీ చూడండి. దారిలో ఆ గ్రేడు దొరక్కపోతే మరో మంచి బైకు ఆయిల్ కలిపినా ఇంజన్ పాడవదు. లెవెల్ లేకుండా నడపడం కంటే అది వందరెట్లు మేలు. సింథటిక్ వాడాక మినరల్‌కి రాకూడదన్న మాట కూడా నిజం కాదు, మార్చే గడువు మాత్రం మినరల్‌కి తగ్గట్టు తగ్గించుకోవాలి. వేళకు చూస్తున్నా లెవెల్ పదేపదే తగ్గుతుంటే, సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తుంటే పిస్టన్ రింగులు గానీ వాల్వ్ సీళ్ళు గానీ పోయాయి.

దిగిన ఆయిల్‌ని కాలవలో, చెట్టు మొదట్లో పోయకండి. పాత నీళ్ళ సీసాలోకి వంచి, మూత బిగించి, వాడిన ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. సీసా మీద "వాడిన ఆయిల్" అని రాసి, పిల్లలకు అందకుండా పెట్టండి. ఆ రోజు మీటరు అంకె, తేదీ ఒక కాగితం మీద రాసి సీటు కింద అంటించండి.