మలంతో పాటు రక్తం పడినప్పుడు: నా అనుభవం

ఒక ఉదయం మలవిసర్జన తర్వాత తెల్లని పింగాణీ మీద మూడు నాలుగు ఎర్రని చుక్కలు కనిపించాయి. బ్లేడుతో కోసినట్టు మంట కూడా ఉంది. సిగ్గుపడి రెండు వారాలు ఎవరికీ చెప్పకపోవడం నేను చేసిన పొరపాటు. గట్టిపడిన మలం వల్ల మలద్వారం అంచున చర్మం చీలిందని, దీన్ని ఫిషర్ అంటారని, మొలల నుంచి పడే రక్తం చాలావరకు నొప్పి లేకుండానే పడుతుందని పరీక్షించిన వైద్యురాలు వివరించారు. రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు అందేలా తింటూ, నీళ్లు బాగా తాగుతూ, మలవిసర్జన తర్వాత 10–15 నిమిషాలు గోరువెచ్చని నీటి తొట్టిలో కూర్చుంటూ, ముక్కడం పూర్తిగా మానేశాక, ఆరు వారాలకు ఆ చీలిక మానింది.

అయితే రక్తం చూడగానే మొలలేనని సరిపెట్టుకోవడం ప్రమాదమని ఆమె గట్టిగా చెప్పారు. రక్తం మలంలో కలిసిపోయి ముదురు రంగులో ఉన్నా, మలం తారులా నల్లగా, జిగటగా వచ్చినా (ఐరన్ మాత్రలు వాడినా మలం నల్లబడుతుంది కనుక ఆ సంగతి ముందే చెప్పాలి), కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత ఉన్నా, మలవిసర్జన తీరు వారాల తరబడి మారినా, వయసు 45 దాటినా, కుటుంబంలో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చినా కొలనోస్కోపీ (కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అవసరం కావచ్చు. రక్తం ఆగకుండా పడుతూ కళ్లు తిరుగుతుంటే మాత్రం ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.