ఐసు మిగిలింది, చేప చెడింది: వేసవి లోతు సముద్ర వేటలో కారణం వెతకడం ఎలా

వేసవిలో నాలుగైదు రోజులు లోతు సముద్రంలో వేటాడి తిరిగొచ్చిన బోటులో చేప మెత్తబడి కనిపిస్తే, నింద ముందుగా ఐసు మీదికే పోతుంది. ఐసు తక్కువ ఎక్కించామనో, ఫ్యాక్టరీ ఐసులో గట్టిదనం లేదనో తేల్చేసి, తర్వాతి వేటకు మరికొంత ఐసు కొంటారు. ఆ అదనపు ఐసు చాలావరకు కరగకుండా ఒడ్డుకు తిరిగి వస్తుంది, చేప మాత్రం మళ్లీ మెత్తగానే వస్తుంది. బోటులో చేపను దాచే ఐసు గదిలో ఐసు ఎంత ఉందో అందరూ చూస్తారు, చేప లోపల ఎంత వేడి ఉందో కొలిచేవారు అరుదు. కారణం వెతకడం ఆ కొలతతోనే మొదలవ్వాలి.

ముందు కొలవండి

సూదిమొన థర్మామీటరును చేప తల వెనుక, వెన్నెముకను ఆనుకుని ఉండే మందపాటి కండలోకి గుచ్చి, అంకె నిలకడగా ఆగేవరకు ఉంచాలి. చేత్తో తాకి చూడటం పరీక్ష కాదు, ఎందుకంటే అరగంట ఐసులో ఉన్న ఏ చేపైనా పైకి చల్లగానే తగులుతుంది. థర్మామీటరు నమ్మదగినదో కాదో తెలియాలంటే, గుండ చేసిన ఐసులో కొద్దిగా మంచినీళ్లు కలిపి అందులో ముంచాలి, అది 0 డిగ్రీలు చూపాలి.

గదిలో ఒక్కచోట కొలిస్తే చాలదు. పై వరస, మధ్య వరస, అడుగు వరస, ఇంజను వైపు గోడ పక్క, ఇలా నాలుగైదు చోట్ల కొలిచి రాసుకోవాలి. 0 నుంచి 2 డిగ్రీల మధ్య ఉంటే ఆ చేప సరిగా చల్లబడినట్టే. 4 డిగ్రీలు దాటిన చోట ఏదో తప్పు ఉంది, ఆ తప్పు ఏమిటో ఆ చోటే చెబుతుంది.

పైన ఐసు నిండుగా ఉంది, మధ్య వరసల్లో చేప మెత్తబడింది

దీనికి కారణం ఐసు గుల్ల కట్టడం, అంటే పై ఐసు పెంకులా గట్టిపడి కింద చేప చుట్టూ ఖాళీ మిగలడం. మూత తెరిచి చూసినవారికి తెల్లగా, నిండుగా ఐసు కనిపిస్తుంది కాబట్టి అనుభవం ఉన్నవారు కూడా దీన్ని కనిపెట్టలేరు, అందుకే దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

30 డిగ్రీల వేడితో ఉన్న చేపను ఐసులో పెట్టగానే, దాని ఒంటికి తగిలి ఉన్న ఐసు ముందుగా కరుగుతుంది. ఒక కిలో చేపను 30 డిగ్రీల నుంచి 0 డిగ్రీలకు తేవడానికి దాదాపు మూడో వంతు కిలో ఐసు కరగాలి. కరిగిన నీళ్లు కిందికి జారిపోతాయి, చేప చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది. పైనున్న ఐసు వదులుగా ఉంటే దిగి ఆ ఖాళీని నింపుతుంది. అయితే పైనున్న ఐసు బరువుకు అణిగి, ముక్కకు ముక్క అతుక్కుని ఒకే పెంకుగా గట్టిపడిపోతే కిందికి దిగదు. అప్పుడు చేపకూ ఐసుకూ మధ్య మిగిలేది గాలి మాత్రమే. గాలి వేడిని చాలా నెమ్మదిగా తీసుకెళ్తుంది కనుక, జానెడు దూరంలో ఐసు ఉండగానే చేప గంటల తరబడి వెచ్చగా ఉండిపోతుంది. ట్యూనా వంటి పెద్ద చేపల విషయంలో ఇది మరీ ప్రమాదం. వాటి ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటికంటే ఎక్కువ, గాలానికి చిక్కి పెనుగులాడినప్పుడు అది ఇంకా పెరుగుతుంది. పైగా మందం రెట్టింపైతే లోపలి దాకా చల్లబడటానికి పట్టే సమయం సుమారు నాలుగు రెట్లవుతుంది.

చేపల గదిలో కూలింగ్ కాయిల్ (గది గాలిని చల్లబరిచే యంత్రపు గొట్టాలు) ఉన్న బోట్లలో గుల్ల ఇంకా ఎక్కువగా కడుతుంది. ఎంత చల్లగా పెడితే అంత మంచిదనుకుని గది గాలిని 0 కంటే కిందికి దించేస్తారు. ఐసు చేపను చల్లబరిచేది కరిగేటప్పుడే, కరిగిన చల్లటి నీళ్లు చేప ఒంటి మీదుగా పారుతూ వేడిని మోసుకుపోతాయి. గది గడ్డకట్టే చలిలో ఉంటే పై ఐసు కరగదు, ఉన్న తడి కూడా గడ్డకట్టి పెంకును మరింత బలపరుస్తుంది. ఐసుతో పాటు కాయిల్ వాడే గదిలో గాలి 1 నుంచి 2 డిగ్రీల మధ్య ఉండాలి. కాయిల్ పని గోడల నుంచీ పైకప్పు నుంచీ వచ్చే వేడిని ఆపడం వరకే. చేపను చల్లబరిచే పని ఐసుకే వదిలేయాలి.

గుల్ల కట్టిందో లేదో తెలుసుకోవడం తేలిక. మొన మొద్దుగా ఉన్న సన్నటి కర్రను చేపకు గాయం కాకుండా ఐసులోకి నెమ్మదిగా దించాలి. కొంత దూరం గట్టిగా అడ్డుకుని ఒక్కసారిగా సులువుగా దిగిపోతే అక్కడ ఖాళీ ఉన్నట్టే. ఆ చోట తవ్వి, చేపను బయటకు తీసి కొలవాలి.

గుల్ల కట్టిన చోట పెంకును పూర్తిగా పగలగొట్టి, గుండ చేసి, కొత్త ఐసు కలిపి, చేప ఒంటికి అన్ని వైపులా తగిలేలా మళ్లీ సర్దాలి. పైన ఇంకో పొర చల్లి ఊరుకుంటే ప్రయోజనం లేదు, అది పెంకును ఇంకా మందం చేస్తుంది.

ఇది మళ్లీ రాకుండా ఉండాలంటే వేడి చేపను నేరుగా ఐసు గదిలోకి పంపడం మానాలి. డెక్ మీదే ఒక ఇన్సులేషన్ తొట్టెలో (బయటి వేడి లోపలికి రానివ్వని తొట్టె) రెండు వంతుల ఐసుకు ఒక వంతు శుభ్రమైన సముద్రపు నీళ్లు కలిపిన ఐసు నీటిని సిద్ధంగా ఉంచి, రక్తం తీసి కడిగిన చేపను ముందు అందులో వేయాలి. నీళ్లు చేప ఒంటిని అన్ని వైపులా తాకుతాయి కాబట్టి అందులో గుల్లకు చోటే ఉండదు. తొట్టెను వల లాగకముందే తయారు చేయాలి. 30 డిగ్రీల సముద్రపు నీళ్లు 100 లీటర్లను 0కి దించడానికే సుమారు 36 కిలోల ఐసు ఖర్చవుతుంది, ఆ పని చేప పడ్డాక మొదలుపెడితే చేప వెచ్చని నీళ్లలో నానుతుంది. మధ్యమధ్య కలుపుతూ ఉండాలి, లేకపోతే తొట్టెలో ఒకచోట చలి, ఒకచోట వేడి నిలిచిపోతాయి. లోపలి కండ 2 డిగ్రీలకు రాగానే చేపను గదిలోకి మార్చాలి. అవసరానికి మించి ఉప్పునీటిలో ఉంచితే చర్మం రంగు పోతుంది, చిన్న చేపకు ఉప్పు పడుతుంది.

గదిలో అడుగున మందంగా ఐసు పరిచి, చేప వరసకూ వరసకూ మధ్య ఐసు వేస్తూ, ఒక్కో అరలో మొత్తం ఎత్తు అర మీటరు దాటకుండా సర్దాలి. అంతకు మించితే అడుగు చేప నలిగిపోతుంది. పేగులు తీసిన చేప అయితే పొట్టలోనూ మొప్పల్లోనూ గుండ ఐసు కూరి, నీళ్లు లోపల నిలవకుండా పొట్ట కిందికి ఉండేలా పెట్టాలి. పెద్ద దిమ్మను నాలుగు దెబ్బలు కొట్టి వేసే అలవాటు మానాలి, పెద్ద ముక్కల మధ్య మొదటి నుంచే ఖాళీలుంటాయి. సర్దిన 12 గంటల తర్వాత తప్పకుండా ఒకసారి పై పొర కదిపి, దిగిన చోట నింపాలి, ఆ తర్వాత రోజుకు రెండుసార్లు అదే పని చేయాలి. రాత్రంతా వల లాగి అలసిన మనుషులకు ఇది భారమే, నాకు తెలుసు. అయినా మొదటి రోజు పట్టిన చేప గదిలో అన్నిటికంటే ఎక్కువ కాలం ఉండేది కాబట్టి, దాని గతిని ఆ ఒక్క 12 గంటల తనిఖీయే తేలుస్తుంది.

చేప చూడటానికి బాగుంది, తిన్నవారికి మొహం ఎర్రబడి దురద, తలనొప్పి వచ్చాయి

ట్యూనా, కానాగంత వంటి చేపల్లో ఇది హిస్టమిన్ అనే రసాయనం వల్ల వస్తుంది. చేప వెచ్చగా ఉన్నంతసేపూ బ్యాక్టీరియా కండలో సహజంగా ఉండే హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. ఒకసారి తయారైన హిస్టమిన్ వండినా, గడ్డకట్టించినా పోదు, వాసనలోనూ తెలియకపోవచ్చు. అందువల్ల చేపలో చేరిన హిస్టమిన్‌ను ఒడ్డున తీసేసే మార్గం లేదు, సముద్రంలోనే ఆపాలి.

ఇక్కడ అందరూ పొరబడేది గడియారం ఎప్పుడు మొదలవుతుందన్న విషయంలో. చేప డెక్ మీదికి వచ్చినప్పుడు కాదు, చచ్చినప్పుడు మొదలవుతుంది. గాలాల తాడును గంటల తరబడి నీళ్లలో వదిలేస్తే, గాలానికే చచ్చి వేలాడుతున్న చేప ఆ వెచ్చని నీళ్లలోనే చెడటం మొదలుపెడుతుంది. గాలి గానీ నీళ్లు గానీ 28.3 డిగ్రీలు దాటి ఉంటే చేపను చచ్చిన 6 గంటల లోపు ఐసులో పెట్టాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. ఆ 6 గంటలు చివరి హద్దు మాత్రమే, అంతసేపు ఆగవచ్చని దాని అర్థం కాదు. వేసవిలో తాడు నీళ్లలో ఉంచే సమయాన్ని తగ్గించాలి. పైకి వచ్చేసరికే బిగుసుకుపోయిన చేపను వేరే అరలో పెట్టి గుర్తు వేయాలి. హద్దు దాటిందని తెలిసిన చేపను ఎవరికీ అమ్మకూడదు, బోటులో వండుకోనూ కూడదు.

ఒక గోడ పక్కన చేపే చెడుతోంది

ఇంజను వైపు గోడ అయితే గోడలోని ఫోమ్ తడిసిందని అనుమానించాలి. పొడిగా ఉన్నంతవరకే ఫోమ్ వేడిని ఆపుతుంది. లైనింగ్‌లో మేకు కన్నం గుండానో, విడిపోయిన అతుకు గుండానో నీళ్లు చేరితే అది పేరుకే ఇన్సులేషన్. ఇంజను గది వైపు నుంచి చూస్తే గోడ మీద ఒకచోట మాత్రమే చెమట పట్టినట్టు తడి కనిపిస్తుంది, చల్లదనం బయటికి పోతున్నది అక్కడే. వేట మధ్యలో చేయగలిగింది ఆ గోడకూ చేపకూ మధ్య ఐసును రెట్టింపు మందం వేయడమే. ఒడ్డుకు వచ్చాక ఆ భాగం కోసి, తడి ఫోమ్ తీసి, కొత్తది వేసి, అతుకులు మూయించాలి. పైపైన రెసిన్ పూస్తే నీళ్లు లోపలే ఉండిపోతాయి.

గది తెరవగానే కుళ్లిన గుడ్డు వాసన

చేప నేరుగా చెక్కకో గోడకో ఒత్తుకుని ఉంటే, గాలి తగలని ఆ చోట బ్యాక్టీరియా పెరిగి ఈ వాసన పుట్టిస్తుంది. లేదంటే అడుగు కాలువలో పొలుసులు, జిగురు అడ్డుపడి నీళ్లు నిలిచి ఉంటాయి. చేప ఏ చోటా గోడను తాకకుండా మధ్యలో ఐసు ఉండాలి. కాలువ జల్లెడను రోజూ శుభ్రం చేసి, అడుగు నీళ్లు తోడేయాలి.

ఐసు నిజంగానే త్వరగా అయిపోతోంది

మధ్యాహ్నపు ఎండలో ఎండకు కాగిన గదిలోకి ఐసు ఎక్కిస్తే, అందులో కొంత గోడలను చల్లబరచడానికే కరిగిపోతుంది. సాయంత్రం గది కడిగి, రాత్రి ఎక్కించాలి. హ్యాచ్ (డెక్ మీద నుంచి గదిలోకి దిగే ద్వారం) మూత రబ్బరు చిరిగిందేమో చూడాలి, మూతకు తెల్ల రంగు వేసి పైన టార్పాలిన్ నీడ కట్టాలి, వలకోసారి కాకుండా తొట్టె నిండినప్పుడే గది తెరవాలి.

కూలింగ్ కాయిల్‌ను నడిపే కంప్రెసరులో గ్యాస్ తగ్గడం, ఐసు తయారైన నీళ్లు మురికివి కావడం, గాయాల వల్ల చేప మెత్తబడటం వంటివి కూడా జరుగుతాయి గానీ అరుదు. నాలుగైదు చోట్ల కొలిచిన అంకెలు చేతిలో లేకుండా మెకానిక్‌ను పిలిపించడం, ఐసు ఫ్యాక్టరీ మార్చడం అనవసరమైన ఖర్చు.