ఇంట్లో ఎవరికీ ఫ్రెంచ్ రాకపోయినా పిల్లల హోంవర్క్, ఆన్‌లైన్ ట్యూషన్ నడిపించడం ఎలా?

మా అమ్మాయి గ్రేడ్ 2లో ఉన్నప్పటి మాట. గురువారం రాత్రి. మర్నాడు స్కూల్లో డిక్టేషన్, ఫ్రెంచ్‌లో దాన్ని 'దిక్తే' అంటారు. నేను పదాలు చదువుతున్నాను, తను రాస్తోంది. జాబితాలో 'చేప' ఉంది. రెండు ఎస్‌లుంటే 'ప్వాసోఁ', చేప. ఒక్క ఎస్ ఉంటే 'ప్వాజోఁ', విషం. నేను రెండోది పలికాను. పిల్ల నేను పలికిందే నేర్చుకుని, స్కూల్లోనూ ఒక్క ఎస్‌తోనే రాసి, కళ్ళనీళ్ళతో ఇంటికొచ్చింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఫ్రెంచ్ పదాలు నేను చదవడం మానేశాను.

కెనడాలో పిల్లల్ని ఫ్రెంచ్ ఇమ్మర్షన్‌లో, అంటే మిగతా పాఠాలు కూడా ఫ్రెంచ్‌లోనే చెప్పే చదువులో, వేసిన తెలుగువాళ్ళలో చాలామందిది ఇదే ఇబ్బంది. కానీ ఈ పద్ధతి 1965లో మాంట్రియల్ పక్కనున్న సాంలాంబేర్‌లో మొదలైంది, అదీ ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టడం వల్ల. ఇంట్లో ఫ్రెంచ్ లేని పిల్లల కోసమే పుట్టిన చదువు ఇది. మనకి భాష రాకపోతే ఏం ఫరవాలేదు, పని ఎలా నడిపించాలో తెలిస్తే చాలు. హైదరాబాద్‌లో సీబీఎస్‌ఈ స్కూల్లో ఫ్రెంచ్ తీసుకున్న పిల్లలకీ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

1. ఎక్కడ ఆగుతోందో టీచర్ని అడగండి

"ఫ్రెంచ్‌లో వీక్" అంటే ఏమీ తెలియదు. చదవడంలోనా, మాట్లాడడంలోనా, రాతలోనా అని విడదీసి అడగండి. పిల్లలు ఏ కోర్సులో ఉన్నారో కూడా ట్యూటర్‌కి చెప్పాలి. ఒంటారియోలో గ్రేడ్ 8 ముగిసేసరికి ఫ్రెంచ్‌ని ఒక సబ్జెక్టుగా మాత్రమే చదివే మామూలు కోర్ ఫ్రెంచ్ పిల్లలకి 600 గంటలు, ఇమ్మర్షన్ పిల్లలకి కనీసం 3,800 గంటలు ఫ్రెంచ్‌లో గడుస్తాయి. ఒకే వయసు పిల్లలైనా ఇద్దరికీ ఒకే ట్యూషన్ కుదరదు.

2. ట్యూటర్‌ని ఒక్క డెమో క్లాసుతో తేల్చుకోండి

డబ్బు పెట్టేముందు ఉచితంగా దొరికేవి చూడండి. క్యూబెక్‌లో 1996 నుంచి ఉన్న అల్లోప్రోఫ్ అనే సంస్థ అక్కడి విద్యార్థులకి హోంవర్క్ సాయం ఉచితంగా చేస్తుంది. దాని సైటులోని పాఠాలు, ఆటలు ఎక్కడివాళ్ళైనా వాడుకోవచ్చు.

డెమో క్లాసులో మీరు పక్కనే కూర్చోండి. భాష అర్థం కాకపోయినా ఒకటి లెక్కపెట్టొచ్చు: ట్యూటర్ ఎంతసేపు మాట్లాడారు, పిల్ల ఎంతసేపు మాట్లాడింది? అరగంటలో పిల్ల గొంతు పది నిమిషాలైనా వినబడకపోతే ఇంకొకర్ని చూసుకోండి. 'దేజునే' అంటే ఏమిటని కూడా అడగండి. ఫ్రాన్స్‌లో అది మధ్యాహ్నం భోజనం, క్యూబెక్‌లో పొద్దుటి టిఫిన్. రెండూ తెలిసినవాళ్ళైతే స్కూల్లో టీచర్ చెప్పినదానికీ ట్యూషన్‌లో చెప్పినదానికీ మధ్య పిల్ల నలిగిపోదు.

హైదరాబాద్ నుంచి చెప్పే ట్యూటరైతే వారం మధ్యలో సాయంత్రాలు కుదరవు, అక్కడ అర్ధరాత్రి దాటిపోతుంది. టొరంటోలో శనివారం పొద్దున్న తొమ్మిదికి పెట్టుకోండి. అక్కడ వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర అవుతుంది. క్లాసు హాల్లోనే జరగాలి, మీ ఖాతాతోనే. ట్యూటర్ పిల్లకి విడిగా మెసేజ్‌లు పెట్టడం ఉండకూడదు.

3. దిక్తేకి గొంతు ట్యూటర్‌ది, కాపలా మీది

ఆ వారం పదాల్ని సోమవారం కల్లా ఆడియోగా రికార్డు చేసి పంపమనండి. పిల్ల రోజూ విని, రాసి, జాబితాతో తనే సరిచూసుకోవాలి. మా ఇంట్లో పరిస్థితి మార్చింది ఈ ఒక్క పనే.

తెలుగు వచ్చిన పిల్లలకి కొన్ని బాగా కలిసొస్తాయి. ఫ్రెంచ్‌లో టి, డి అక్షరాలు మన త, దలే. ఇంగ్లీషు అలవాటుతో ట, డ అనకుండా చూడండి. 'తు', 'వూ' తేడా కూడా మన నువ్వు, మీరే కాబట్టి చిటికెలో అర్థమవుతుంది. కానీ ఆ 'తు'లో ఉన్న అచ్చు మనకి లేదు. పెదాలు 'ఊ'కి సున్నాలా చుట్టి, లోపల 'ఈ' అనాలి. సూటిగా 'తూ' అంటే 'అంతా' అనే వేరే మాట అయిపోతుంది.

ముక్కు అచ్చులకి మన పాత అరసున్నని చూపించండి. 'బోఁ' అంటే మంచి, పుంలింగం. చివర 'న్' తగిలించి 'బోన్' అంటే స్త్రీలింగం.

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పోయేది క్రియల దగ్గర. నేను మాట్లాడతాను, నువ్వు మాట్లాడతావు, వాళ్ళు మాట్లాడతారు: మూడిటికీ చెవికి వినబడేది 'పార్ల్' ఒక్కటే. రాతలో మాత్రం మూడు రకాల చివర్లు. తెలుగులో క్రియ చివర వింటే ఎవరో తెలిసిపోతుంది. ఫ్రెంచ్‌లో ముందున్న మాట పట్టుకోవాలి. అందుకే క్రియ చివర రాసేముందు కర్త కింద గీత గీయించండి. భాష రాకపోయినా, గీత పడిందో లేదో మీరు చూడగలరు.

4. నామవాచకాన్ని ఒంటరిగా బట్టీ పట్టించకండి

బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. కారణం వెతికి లాభం లేదు. 'తాబ్ల్' కాదు, 'లా తాబ్ల్' అనే నేర్చుకోవాలి. పుంలింగానికి నీలం, స్త్రీలింగానికి ఎరుపు ఇంకు వాడించండి.

5. ట్రాన్స్‌లేటర్‌కి హద్దు పెట్టండి

ఒక్కో పదానికి చూసుకోవచ్చు, వాక్యాలకి వద్దు. క్లాసులో ఇంకా చెప్పని కాలంలో క్రియలు కనబడితే టీచర్‌కి వెంటనే తెలుస్తుంది. ట్యూటర్ కూడా హోంవర్క్ తనే పూర్తిచేసి ఇవ్వకూడదు. పిల్ల తప్పుతో రాసిన కాగితం స్కూలుకి వెళ్తేనే ఏం చెప్పాలో అక్కడి టీచర్‌కి తెలుస్తుంది.

6. పడుకునేముందు పది నిమిషాలు

స్కూల్ నుంచి తెచ్చిన ఫ్రెంచ్ కథలో ఒక్క పేజీ పైకి చదివించండి. తర్వాత అందులో ఏం జరిగిందో మీకు తెలుగులో చెప్పమనండి. ఎక్కడ నసిగిందో అక్కడ పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టండి. శనివారం క్లాసు ఆ చుక్కల దగ్గర మొదలుపెట్టమని ట్యూటర్‌కి చెప్పండి.