అమ్మానాన్నలతో రాకీ మౌంటెన్ పార్కుకి: ఎత్తు, గడియారం, నీళ్ల చెంబు

మేం అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ పక్కన అరోరాలో ఉంటాం. ఎండాకాలం వస్తే ఇండియా నుంచి ఎవరో ఒకరు దిగుతారు. మా అమ్మానాన్న తెనాలి నుంచి, ఆ మరుసటేడు మా అత్తయ్య ఖమ్మం నుంచి. వచ్చిన రెండో రోజే వరండాలో కాఫీ తాగుతూ పడమటి వైపు చూసి, "కొండలు ఇక్కడే ఉన్నట్టున్నాయే, ఓసారి వెళ్లొద్దామా?" అంటారు. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకి ఊరు దాటి 70 మైళ్లు, గంటన్నర ప్రయాణం. శ్రీశైలం వెళ్లినంత శ్రమ కూడా లేదు కదా అనిపిస్తుంది.

మొదటిసారి మేమూ అలాగే అనుకున్నాం. గురువారం ఫ్లైటు దిగినవాళ్లని శనివారం పొద్దున కారెక్కించాం. తొమ్మిదిన్నరకి గేటు దగ్గర రేంజర్ "పర్మిట్?" అంది. ఏ పర్మిట్? కారు వెనక్కి తిప్పించింది. ఎస్టెస్ పార్క్ ఊళ్లో ఐస్‌క్రీములు తింటూ రెండింటి దాకా గడిపి, మళ్లీ లోపలికి వెళ్లి, తిన్నగా 12,000 అడుగుల ఎత్తుకి చేరుకున్నాం. మేం చేరేసరికి ఉరుములు మొదలయ్యాయి. అమ్మకి తలనొప్పి, వాంతి. నాన్న పొద్దున్నుంచీ చుక్క నీళ్లు తాగలేదన్న సంగతి అప్పుడు బయటపడింది. "దారిలో బాత్రూములు ఉంటాయో ఉండవో అని" అన్నారు.

కింద రాసేదంతా ఆ ఒక్క రోజు నేర్పిన పాఠమే. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్ల కోసం రాస్తున్నాను. కుర్రాళ్లకి ఇంత అవసరం ఉండదు.

ముందు ఎత్తు సంగతి. తూర్పు కనుమల్లో మన అర్మ కొండ సుమారు 1,680 మీటర్లు. డెన్వర్ ఊరే 1,600 మీటర్లు, అంటే 5,280 అడుగులు. మన రాష్ట్రంలోని శిఖరాగ్రమంత ఎత్తులో మేం కూరగాయలు కొనుక్కుంటున్నాం అన్నమాట. అక్కడి నుంచి ఎస్టెస్ పార్క్ 7,522 అడుగులు. పార్కు లోపలి ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 12,183 అడుగుల దాకా ఎక్కుతుంది. అక్కడ గాలి ఎంత పలచబడుతుందంటే, సముద్రమట్టంలో ఒక ఊపిరికి అందే ఆక్సిజన్‌లో మూడింట రెండు వంతులే అందుతుంది. ఎక్కేది కారే అయినా లెక్క చెప్పాల్సింది గుండె, ఊపిరితిత్తులు. కాబట్టి ఫ్లైటు దిగాక నాలుగైదు రోజులు ఇంట్లోనే ఉంచండి. ఆ తర్వాత ఎస్టెస్ పార్క్‌లో ఒక రాత్రి పడుకోబెట్టి, మర్నాడు పైకి తీసుకెళ్లండి. గుండె జబ్బు, ఆస్తమా, రక్తహీనత ఉన్నవాళ్లయితే ఇండియాలో బయల్దేరకముందే డాక్టర్ని అడగమనండి. బీపీ, షుగర్ మాత్రలు సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో ఉండాలి. పైన తలనొప్పి, వికారం మొదలైతే మాత్ర వేసి కూర్చోబెట్టడం కాదు, వెంటనే కిందికి దిగడమే మందు. రెండు వేల అడుగులు దిగేసరికి మా అమ్మ లేచి కూర్చుని, పులిహోర డబ్బా ఎక్కడుందని అడిగింది.

ఇక గడియారం. గత కొన్నేళ్లుగా మే నెలాఖరు నుంచి అక్టోబరు మధ్య దాకా టైమ్డ్ ఎంట్రీ పద్ధతి నడుస్తోంది, అంటే ఏ వేళకి లోపలికి వెళ్తారో ముందే బుక్ చేసుకుని పర్మిట్ తీసుకోవాలి. రెండు రకాలు. ఒకటి బేర్ లేక్ రోడ్డు తప్ప పార్కులో మిగతా భాగానికి, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 మధ్య వెళ్లేవాళ్లకి. రెండోది బేర్ లేక్ రోడ్డుతో కలిపి. ఆ రోడ్డుకి తెల్లవారుజామున 5 నుంచి సాయంత్రం 6 దాకా పర్మిట్ కావాలి. రిక్రియేషన్ డాట్ గవ్ అనే వెబ్‌సైటులో రెండు డాలర్లు. మీరు వెళ్లే నెలకి ముందు నెల ఒకటో తారీఖున పొద్దున 8 గంటలకి వదులుతారు. తత్కాల్ టికెట్ బుక్ చేసిన చేతులకి ఇదేం కొత్త కాదు. అప్పుడు దొరక్కపోతే ముందు రోజు రాత్రి 7 గంటలకి ఇంకొన్ని వదులుతారు. నాకు రెండుసార్లు అలాగే దొరికాయి. వేళలు ఏటా కాస్త మారొచ్చు, బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైటు చూసుకోండి.

పర్మిట్ ఎంట్రీ ఫీజుకి అదనం. ఇంకో మాట: 2026 నుంచి అమెరికాలో నివాసం లేని 16 ఏళ్లు నిండినవాళ్లకి ఈ పార్కులో మనిషికి 100 డాలర్ల అదనపు ఫీజు పెట్టారు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి ఇది తగిలే దెబ్బే. మీ దగ్గరున్న వార్షిక పార్కు పాసు వాళ్లకి ఎంతవరకు పనికొస్తుందో ముందే చూసుకుని, మీ డ్రైవింగ్ లైసెన్సు దగ్గర ఉంచుకోండి. గేటు దగ్గర నాన్నగారి ముందు డబ్బుల లెక్క తేలితే ఆయన కారు దిగి "మీరు వెళ్లిరండి, నేనిక్కడే కూర్చుంటా" అనే ప్రమాదం ఉంది.

పర్మిట్ లేకుండా నేను వాడే కిటుకు ఒకటుంది. మొదటి రోజు సాయంత్రం ఆరు దాటాక బేర్ లేక్ రోడ్డుకి పర్మిట్ అక్కర్లేదు. జూన్, జూలైల్లో ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. ఆరుంబావుకి స్ప్రేగ్ లేక్‌కి వెళ్లండి. చెరువు చుట్టూ మైలు లోపే, చదునైన దారి, వీల్‌చెయిర్ కూడా పోతుంది. ఎదురుగా మంచు చారలున్న కొండలు, నీళ్లలో వాటి నీడ. మా అత్తయ్య చెరువు గట్టు మీద బెంచీలో నలభై నిమిషాలు కూర్చుంది. ఆ రోజు అవతలి ఒడ్డున ఒక మూస్ (జింక జాతిలో అన్నిటికన్నా పెద్దది) నీళ్లలో మోకాలి లోతున నిలబడి మేస్తోంది. గేదె కన్నా చాలా ఎత్తు. మూస్‌కీ ఎలుగుబంటికీ 120 అడుగుల దూరం, ఎల్క్ అనే పెద్ద జింకలకి 75 అడుగులు పాటించాలి. "ఆవే కదా" అని దగ్గరికి వెళ్లబోయే పెద్దాయనలు ఉంటారు, చెయ్యి పట్టుకుని ఆపండి.

బేర్ లేక్ దగ్గర నుంచి పైకి నడిచే దారి చాలా ప్రసిద్ధి. అర మైలు నడిస్తే నింఫ్ లేక్, అక్కడ కలువ ఆకులు తేలుతుంటాయి. 1.1 మైళ్లకి డ్రీమ్ లేక్, 1.8 మైళ్లకి ఎమరాల్డ్ లేక్. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని నింఫ్ దాటించకండి. "ఇంకొంచెమే అమ్మా" అని నేను డ్రీమ్ లేక్ దాకా లాక్కెళ్లాను, ఆ వారమంతా ఇంట్లో జండూబామ్ వాసన.

మర్నాడు ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు. ఎస్టెస్ పార్క్ నుంచి గ్రాండ్ లేక్ దాకా 48 మైళ్లు, అందులో 11 మైళ్లు చెట్లు మొలవని ఎత్తులో సాగుతుంది. మామూలుగా మే నెలాఖరులో తెరుస్తారు, అక్టోబరులో మంచుకి మూసేస్తారు. జూన్ చివరి వారం, మామూలు పనిరోజు అయితే మేలు. పొద్దున ఏడింటికే గేటు దాటేయండి. తొమ్మిది లోపు కాబట్టి పర్మిట్ గొడవ లేదు, పైన పార్కింగూ దొరుకుతుంది. మధ్యాహ్నం పన్నెండుకి పైన ఉండకూడదు. ఎందుకంటే జూలై, ఆగస్టుల్లో దాదాపు రోజూ మధ్యాహ్నం మబ్బులు కమ్మి పిడుగులు పడతాయి. ఆ మైదానంలో చెట్టే ఉండదు కాబట్టి అందరికన్నా ఎత్తైనది మనిషే. ఉరుము వినబడితే ఫోటో సగంలో ఆపేసి కార్లోకి రండి.

దారిలో 10,560 అడుగుల దగ్గర "సముద్రమట్టానికి రెండు మైళ్ల ఎత్తు" అని బోర్డు ఉంటుంది. నాన్న దాని పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో తెనాలిలో టీవీ మీద ఉంది. ఆ పైన రాక్ కట్ దగ్గర ఆపండి. అర మైలు సిమెంటు బాట. నాలుగడుగులు వేసి నిలబడమనండి, మాట్లాడుతూ నడవొద్దనండి. నేల మీద అంగుళం ఎత్తు మొక్కలు, వాటికి నీలం చుక్కల్లాంటి పూలు. పొద్దుతిరుగుడులాంటి పసుపు పూలు కూడా ఉంటాయి. ఇవి పేరుకి పొద్దుతిరుగుళ్లే గానీ పొద్దుతో తిరగవు, అన్నీ తూర్పుకే చూస్తుంటాయి. బాట దిగి వాటిని తొక్కితే మళ్లీ మొలవడానికి ఏళ్లకేళ్లు పడుతుంది. రాళ్ల మధ్య పికా అనే చిన్న జంతువు, ఎలుకంత ముఖం, కుందేలు జాతి, గడ్డి కోసుకొచ్చి ఎండబెట్టి చలికాలానికి దాచుకుంటుంది. "వామి వేస్తోందే!" అని నాన్న అక్కడే ఆగిపోయారు. పంట కాలువల మధ్య పెరిగిన మనిషికి మంచు శిఖరాల కన్నా అదే ఎక్కువ నచ్చింది.

వాటికి ఏమీ పెట్టకూడదు. చట్టప్రకారం నేరం. గోడ మీద బొద్దుగా కూర్చునే మార్మట్ (ఉడుత జాతి జంతువు) మీ జంతికల కోసం చెయ్యి చాపినట్టే కనబడుతుంది, అయినా సరే.

ఇప్పుడు నాన్న అడిగిన అసలు ప్రశ్న. బాత్రూములు ఉన్నాయి: రెయిన్‌బో కర్వ్ దగ్గర, రాక్ కట్ దగ్గర, 11,796 అడుగుల ఎత్తులోని ఆల్పైన్ విజిటర్ సెంటర్ దగ్గర. మొదటి రెండూ గొయ్యి మీద కట్టిన గదులు. కుళాయి ఉండదు, నీళ్లుండవు. కాబట్టి ఒక రెండు లీటర్ల నీళ్ల క్యాను, ఒక చిన్న ప్లాస్టిక్ చెంబు, శానిటైజరు విడిగా ఒక సంచిలో పెట్టి, బయల్దేరేముందే ఆ సంచి వాళ్లకి చూపించండి. ఈ ఒక్క పని చేశాక మా ఇంట్లో పెద్దవాళ్లు నీళ్లు తాగడం మొదలుపెట్టారు. నీళ్లు తాగితే సగం తలనొప్పులు రావు. అక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే పెదాలు ఒక్కపూటలో పగులుతాయి, వాజిలీన్ కూడా అదే సంచిలో పడేయండి.

బట్టల విషయంలో వాదన తప్పదు. డెన్వర్‌లో 32 డిగ్రీలు కాస్తుంటే స్వెట్టరు ఎందుకంటారు. పైన దిగగానే ఈదురుగాలికి చీర కొంగు మొహానికి చుట్టుకుంటుంది. మంకీ క్యాప్, స్వెట్టరు, పైన గాలి ఆపే జాకెట్టు, కాళ్లకి బూట్లు. చలిగా ఉన్నా ఎండ మాడ్చేస్తుంది, సన్‌స్క్రీన్ రాయండి.

ఎస్టెస్ పార్క్‌లో వంటగది ఉన్న గది తీసుకుంటే ఖర్చు కలిసొస్తుంది. కానీ అక్కడ నీళ్లు 92 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు రెండు గంటలైనా పలుకుగానే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ కార్లో వేసుకెళ్లండి. ఎలక్ట్రిక్ కుక్కర్లో బియ్యానికి మామూలు కన్నా అర గ్లాసు నీళ్లు ఎక్కువ పోయండి. రెండో రోజుకి పులిహోర, పెరుగన్నం పొద్దున్నే కలిపి పెట్టుకోండి. పార్కు లోపల పెట్రోలు బంకు లేదు, ఎస్టెస్‌లోనే ట్యాంకు నింపండి.

ఓపిక, ఆరోగ్యం బాగున్నవాళ్లయితే విజిటర్ సెంటర్ దాటి పడమటి వైపు దిగి కోయోటీ వ్యాలీ ట్రెయిల్ దాకా వెళ్లొచ్చు. కొలరాడో నది అక్కడ ఇంకా పిల్లకాలువ. దిగువన గ్రాండ్ కాన్యన్‌ని కోసింది ఈ నదేనని చెబితే మా నాన్న నమ్మలేదు. "మన ఊరి కాలువలో సగం లేదే" అన్నారు. కానీ ఆ దారిలో తిరుగు ప్రయాణం మళ్లీ పై నుంచే కాబట్టి, పొద్దున ఆరుకి బయల్దేరకపోతే ఆ ఆశ పెట్టుకోకండి.

దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకండి. గేరు తగ్గించి ఇంజినుతోనే వేగం ఆపండి. మొదటిసారి మా ఆయన బ్రేకులు కాల్చినంత పని చేశాడు, కార్లో కాలిన రబ్బరు వాసన. పైకి ఎక్కేటప్పుడు చిప్స్ ప్యాకెట్లు దిండ్లలా ఉబ్బుతాయి, పేలతాయేమోనని అమ్మ వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దిగేటప్పుడు దానికి రివర్సు. పైన మూత బిగించిన ఖాళీ నీళ్ల సీసా కిందికొచ్చేసరికి నలిగి ముద్దయింది. "దీని మీద ఎవరు కూర్చున్నారు?" అని నాన్న ఎస్టెస్ పార్క్ దాకా అడుగుతూనే ఉన్నారు.