మెల్‌బోర్న్‌లో పిల్లల సెలవు కోసం ఆగకుండా ఊరు చూడటం: శ్రీకాకుళం, విజయనగరం అమ్మానాన్నలకు

పిల్లల దగ్గరికి మూడు నెలలకో ఆరు నెలలకో మెల్‌బోర్న్ వెళ్లే పెద్దవాళ్లకు ఎదురయ్యే ఇబ్బంది ఒక్కటే. ఊరికి పడమటి శివార్లలో, టార్నైట్‌లోనో పాయింట్ కుక్‌లోనో ఇల్లు. పొద్దున్నే కొడుకూ కోడలూ ఆఫీసుకు పోతారు. వీధిలో మనిషి కనిపించడు. శనివారం కారు తీస్తే సగం రోజు సరుకులకే సరిపోతుంది. ఆదివారం వర్షం. ఇలా చూస్తుండగానే తిరుగు టికెట్టు తేదీ వచ్చేస్తుంది.

దీనికి మందు, సిటీ లోపలి చోట్లను సోమవారం నుంచి శుక్రవారం లోపు రైల్లో వెళ్లి మీరే చూసుకోవడం. కారు లేనిదే కుదరని దూరాలను మాత్రమే పిల్లల సెలవులకు ఉంచాలి. నడవగలిగి, ఇంగ్లిష్ అంకెలూ స్టేషన్ పేర్లూ చదవగలిగితే చాలు. పెద్ద చదువులు అక్కర్లేదు.

బయల్దేరే ముందు

నెలలు ఎంచుకునే వీలుంటే పైడితల్లమ్మ సిరిమాను అయ్యాక, అక్టోబరులో బయల్దేరి ఉగాదికి తిరిగి వచ్చేలా చూసుకోండి. అక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండాకాలం. డిసెంబరు చివర్లో రాత్రి ఎనిమిదిన్నర దాటినా వెలుతురు ఉంటుంది. అదే జూన్‌లో అయితే సాయంత్రం ఐదుంపావుకే పొద్దు గూకుతుంది. ఏప్రిల్‌లో వెళ్లి సెప్టెంబరులో వచ్చేవాళ్లకు చలికాలం మొత్తం అక్కడే గడుస్తుంది. అప్పుడూ తిరగవచ్చు గానీ పగలు చిన్నదని ముందే లెక్కలో పెట్టుకోవాలి.

వీసా కాగితంలో ఒక్కో రాకకు ఎన్ని నెలలు ఉండనిస్తారో, 8503 అనే షరతు ఉందో లేదో చదివించుకోండి. ఆ షరతు ఉంటే అక్కడికి వెళ్లాక గడువు పొడిగించుకోవడం దాదాపు కుదరదు.

బీపీ, షుగర్ మాత్రలను డాక్టరు ఇంగ్లిష్‌లో రాసిన చీటీతో, అసలు స్ట్రిప్పుల్లోనే పట్టుకెళ్లాలి. మీ వాడకానికి మూడు నెలలకు సరిపడా తీసుకెళ్లవచ్చు. ఆరు నెలలు ఉండేవాళ్లు మిగతా మూడు నెలలకు అక్కడి డాక్టరును చూడాల్సి వస్తుంది, ఆ ఖర్చు ముందే అనుకోండి. భారతీయ సందర్శకులకు మెడికేర్ అనే అక్కడి ప్రభుత్వ వైద్య పథకం వర్తించదు. అంబులెన్సుకూ బిల్లు వస్తుంది. బీమా లేకుండా విమానం ఎక్కవద్దు.

ఊరగాయ, కారప్పొడులు, జంతికలు, ఏవి తీసుకెళ్లినా విమానంలో ఇచ్చే కార్డులో ఆహారం ఉందని టిక్కు పెట్టండి. చూపించిన వస్తువును వాళ్లు మహా అయితే తీసేసుకుంటారు. దాచిన వస్తువు దొరికితే అక్కడికక్కడే జరిమానా. పాలకోవా లాంటి పాల మిఠాయిలు, పచ్చి కరివేపాకు, పళ్లు, మొలకెత్తే విత్తనాలు పెట్టెలో పెట్టకపోవడమే మేలు.

చెప్పులతో అక్కడ తిరగలేరు. పట్టు ఉన్న బూట్లు ఇక్కడే కొని, పదిహేను రోజులు వేసుకుని నడిచి అలవాటు చేసుకోండి. కొత్త బూట్లతో మొదటి రోజే సిటీకి వెళితే మడమలు బొబ్బలెక్కి వారం పాటు కదల్లేరు.

మైకీ కార్డు, రైలు, ట్రామ్

రైలుకూ ట్రామ్‌కూ బస్సుకూ ఒకటే కార్డు, పేరు మైకీ. స్టేషన్లలోనూ సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లోనూ దొరుకుతుంది. భార్యాభర్తలిద్దరికీ ఒక కార్డు పనికిరాదు, ఎవరిది వాళ్లకు ఉండాలి. మన వయసు చూసి రాయితీ ఇవ్వరు. సీనియర్ల రాయితీ అక్కడి సీనియర్స్ కార్డు ఉన్నవాళ్లకే. కాబట్టి పూర్తి ఛార్జీ కార్డే తీసుకోండి.

స్టేషన్లోకి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు, రెండుసార్లూ కార్డు తాకించాలి. దిగినప్పుడు మరిచిపోతే ఎక్కువ డబ్బు పోయే అవకాశం ఉంది. మొదట రెండు గంటల ఛార్జీ పడుతుంది. అది దాటి ఎక్కితే రోజు మొత్తం ఛార్జీ అవుతుంది, ఆపైన ఆ రోజు ఎన్నిసార్లు ఎక్కినా అదనంగా పడదు. అందుకే సిటీకి వెళ్లిన రోజు ఎలాగూ రోజు ఛార్జీ కట్టేస్తాం కదా అని రెండు చోట్లు కలిపి చూసుకోవడం లాభం.

సిటీ నడిబొడ్డున ట్రామ్ ఉచితం. స్ప్రింగ్ స్ట్రీట్, ఫ్లిండర్స్ స్ట్రీట్, లట్రోబ్ స్ట్రీట్ల మధ్య భాగం, దాంతోపాటు క్వీన్ విక్టోరియా మార్కెట్, డాక్‌లాండ్స్ అందులోకి వస్తాయి. ఈ హద్దు లోపల ఎక్కి లోపలే దిగేటప్పుడు కార్డు తాకించకూడదు. తాకిస్తే డబ్బు పోతుంది. కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు. ఇంకొకటి దీనికి తిరగబడిన తప్పు: లోపల ఎక్కాం కదా ఉచితమే అనుకుని సెయింట్ కిల్డా బీచ్ దాకా కూర్చుండిపోవడం. హద్దు దాటే ముందు స్టాపులో ట్రామ్‌లోనే ప్రకటన వస్తుంది, అది వినపడగానే లేచి తాకించండి. తనిఖీ వాళ్లు మామూలు బట్టల్లో కూడా ఉంటారు. తెలియదంటే వదిలేస్తారన్న నమ్మకం లేదు.

టార్నైట్ నుంచి వచ్చేది వి/లైన్ (V/Line) అనే ప్రాంతీయ రైలు. అది సదరన్ క్రాస్ దగ్గర దింపుతుంది, ప్రయాణం సుమారు అరగంట. అక్కడి నుంచి ఫ్లిండర్స్ స్ట్రీట్ ఒక్క స్టేషనే. పాయింట్ కుక్ వాళ్లకు విలియమ్స్ ల్యాండింగ్ స్టేషన్ దగ్గర. పొద్దున తొమ్మిది దాటాక ఎక్కి, సాయంత్రం నాలుగు లోపు తిరుగు రైలు పట్టుకుంటే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. పట్టాల పనులున్న రోజుల్లో రైలు బదులు బస్సులు నడుపుతారు. ఇల్లు కదిలే ముందు ఫోన్‌లో ట్రాన్స్‌పోర్ట్ విక్టోరియా యాప్ తెరిచి చూసుకోండి.

ట్రామ్ ఎక్కగానే కమ్మీ పట్టుకోండి, కుదుపుతో కదులుతుంది. మీ స్టాపు ముందు బటన్ నొక్కాలి, లేకపోతే ఆగకుండా పోవచ్చు. కొన్ని స్టాపులు నడిరోడ్డు మీదే ఉంటాయి. తలుపు తెరిస్తే కార్లు ఆగాలన్నది చట్టం. అయినా ఎడమవైపు ఒకసారి చూసి దిగండి.

మొదటి రోజు: గడియారాల నుంచి గ్రంథాలయం దాకా

ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ 1910లో పూర్తయింది. పసుపు రంగు గోడలు, ఆకుపచ్చ గోపురం. ముఖద్వారం మీద వరసగా గడియారాలుంటాయి, ఒక్కోటీ ఒక్కో లైన్లో తర్వాతి రైలు ఎప్పుడో చూపిస్తుంది. విజయనగరం వాళ్లు గంటస్తంభం దగ్గర కలుద్దామన్నట్టే మెల్‌బోర్న్ వాళ్లు ఈ గడియారాల కింద కలుద్దామంటారు. ఇద్దరూ తప్పిపోతే అక్కడికే రావాలని ముందే మాట అనుకోండి.

రోడ్డుకు ఎదురుగా ఫెడరేషన్ స్క్వేర్, పక్కనే సెయింట్ పాల్స్ చర్చి. వెనక సందు హోసియర్ లేన్, గోడల నిండా రంగుల బొమ్మలు. పది నిమిషాలు చాలు. ఆపైన స్వాన్‌స్టన్ స్ట్రీట్‌లో ఉత్తరం వైపు వెళ్లే ఏ ట్రామ్ ఎక్కినా స్టేట్ లైబ్రరీ దగ్గర దిగవచ్చు. ఛార్జీ లేదు.

ఈ లైబ్రరీకి మాత్రం గంటన్నర కేటాయించండి. ప్రవేశం ఉచితం. లోపల 1913లో కట్టిన ఎనిమిది మూలల చదువుల గది ఉంది, పైన సుమారు 35 మీటర్ల ఎత్తున గోపురం. కింద నిలబడి తలెత్తి చూసి వచ్చేస్తుంటారు చాలామంది. అలా కాకుండా లిఫ్టులో పై అంతస్తు వసారాలోకి వెళ్లి కిందికి చూడండి. బల్లలు నడిమధ్య నుంచి చక్రం ఆకుల్లా నలువైపులా పరుచుకుని కనిపిస్తాయి. గోపురం చుట్టూ ఉన్న ప్రదర్శనలో నెడ్ కెల్లీ అనే బందిపోటు వేసుకున్న ఇనుప కవచం ఉంది. అతన్ని 1880లో ఈ ఊరి జైల్లోనే ఉరి తీశారు. ఆ కవచం చేసింది నాగళ్లలో మట్టిని తిరగేసే ఇనుప రేకులతో. దగ్గరికి వెళితే తుపాకి గుళ్లు తగిలి పడిన నొక్కులు కనిపిస్తాయి. వ్యవసాయం తెలిసిన మనిషి ఆ రేకు మందం చూస్తే, దాన్ని ఒంటికి కట్టుకుని నిలబడటం ఎంత బరువో ఇట్టే అర్థమవుతుంది.

కాళ్లు నొప్పి అనిపిస్తే 35 నంబరు సిటీ సర్కిల్ ట్రామ్ ఎక్కి కూర్చోండి. పాతకాలపు చెక్క ట్రామ్, ఉచితం, దారిలో చూడదగ్గవి చెబుతూ పోతుంది. అయితే మెల్లగా వెళుతుంది. తొందరలో ఉన్నప్పుడు ఎక్కవద్దు.

మరో రోజుల్లో

ఫెడరేషన్ స్క్వేర్ నుంచి యారా నది మీది వంతెన దాటి పది నిమిషాలు నడిస్తే ఎన్.జి.వి. ఇంటర్నేషనల్ చిత్రశాల. శాశ్వత సేకరణ ఉచితం, ప్రత్యేక ప్రదర్శనలకే టికెట్టు. గుమ్మం దగ్గర అద్దం మీద నీళ్లు జారుతుంటాయి. లోపల పెద్ద హాలు పైకప్పంతా రంగుటద్దాలే. జనం నేల మీద వెల్లకిలా పడుకుని చూస్తారు. సంకోచించకుండా మీరూ పడుకోండి, మెడ నొప్పి లేకుండా చూడటానికి అదే దారి.

అక్కడి నుంచి అదే రోడ్డులో ట్రామ్ ఎక్కితే ష్రైన్ ఆఫ్ రిమెంబ్రెన్స్ వస్తుంది. ఇది ఉచిత హద్దు బయట, కార్డు తాకించాలి. మొదటి ప్రపంచయుద్ధంలో పోయినవాళ్ల కోసం కట్టి 1934లో తెరిచారు. ఏటా నవంబరు 11న పొద్దున 11 గంటలకు కప్పులోని రంధ్రం గుండా సూర్యకిరణం నేలమీది రాతి పైన పడేలా కట్టారు. పైన చుట్టూ తిరిగే వసారా నుంచి సిటీ మొత్తం కనిపిస్తుంది. రోడ్డు దాటగానే 1846 నాటి బొటానిక్ గార్డెన్స్, 38 హెక్టార్లు, డబ్బు కట్టక్కర్లేదు. పులిహోర డబ్బా విప్పడానికి మెల్‌బోర్న్‌లో ఇంతకన్నా మంచి చోటు లేదు.

క్వీన్ విక్టోరియా మార్కెట్ 1878 నుంచి ఉంది. సోమవారం, బుధవారం మూసి ఉంటుంది. ఈ సంగతి తెలియక వెళ్లి వెనక్కి వచ్చేవాళ్లు ఎందరో. ఎలిజబెత్ స్ట్రీట్‌లో 19, 57, 59 ట్రామ్‌లు అటే పోతాయి. మధ్యాహ్నం లోపు వెళ్లండి, తర్వాత సర్దేయడం మొదలుపెడతారు.

క్రికెట్ మీద ప్రేమ ఉన్నవాళ్లు ఎం.సి.జి. (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) టూరు వదులుకోవద్దు. ప్రపంచంలో మొదటి టెస్టు 1877లో జరిగింది ఇక్కడే. 2020 డిసెంబరులో రహానే సెంచరీతో మనవాళ్లు ఎనిమిది వికెట్ల తేడాతో గెలిచిందీ ఇక్కడే. 1936లో ఇంగ్లండ్‌లో భారత జట్టుకు కెప్టెన్‌గా వెళ్లిన విజ్జీ మన విజయనగరం రాజకుటుంబం మనిషి కాబట్టి, ఈ ఆటతో మన ఊరికి చుట్టరికం పాతదే. మ్యాచ్ ఉన్న రోజు టూరు ఉండదు. రిచ్‌మండ్ స్టేషన్లో దిగి నడవవచ్చు.

మూత్రశాలల గురించి పెద్దవాళ్లకు బెంగ ఉంటుంది. లైబ్రరీ, చిత్రశాల, ఫెడరేషన్ స్క్వేర్, అన్నిచోట్లా ఉచితంగా, శుభ్రంగా ఉంటాయి. కుళాయి నీళ్లు తాగవచ్చు, సీసా నింపుకుంటే చాలు.

వాతావరణం ఎందుకలా మారుతుంది

ఎండాకాలంలో ఉత్తరం నుంచి వచ్చే గాలి ఖండం నడిమధ్య ఎడారి మీదుగా వస్తుంది కాబట్టి నిప్పులు చెరుగుతుంది, 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఉన్నట్టుండి నైరుతి నుంచి దక్షిణ సముద్రపు చల్లగాలి తిరిగితే గంటలోనే పది, పదిహేను డిగ్రీలు పడిపోతుంది. ఒక్క లావు స్వెట్టరు కన్నా పలచని పొరలు మూడు మేలు: లోపల బనియను, పైన స్వెట్టరు, దాని పైన గాలి చొరబడని, టోపీ ఉన్న జాకెట్టు. గొడుగు ఆ గాలికి తిరగబడుతుంది. చల్లగా ఉన్నా సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎండ చర్మాన్ని కాలుస్తుంది, టోపీ, సన్‌స్క్రీన్ రెండూ కావాలి.

ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్లు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉరుములు పడతాయన్న రోజు ఇంట్లోనే ఉండండి. గడ్డి పుప్పొడి తుపాను గాలికి సన్నని నలుసులై ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. 2016 నవంబరులో అలాంటి ఒక్క తుపానుకు పదిమంది చనిపోయారు. ఇన్‌హేలర్ జేబులోనే ఉండాలి.

పిల్లల సెలవుల్లో

ఫిలిప్ ఐలాండ్ పెంగ్విన్లు సుమారు 140 కిలోమీటర్లు. పొద్దు గూకాక సముద్రంలోంచి గుంపుగా ఒడ్డెక్కి గూళ్లకు నడిచిపోతాయి, ఎత్తు సుమారు అడుగే. ఎండాకాలంలో పొద్దు గూకడమే తొమ్మిదింటికి కాబట్టి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది. చిన్నపిల్లలుంటే మార్చిలోనో అక్టోబరులోనో పెట్టుకోండి. టికెట్టు ముందే కొనాలి. ఫొటోలు పూర్తిగా నిషేధం. ఎదురు సముద్రపు గాలిలో మెట్ల మీద గంటసేపు కూర్చోవాలి కాబట్టి దుప్పటి, మంకీ క్యాప్ తప్పనిసరి. చీర కట్టుకునేవాళ్లు లోపల థర్మల్ వేసుకోవాలి.

గ్రేట్ ఓషన్ రోడ్డును యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా వేశారు. టార్కీ దాటాక మలుపుల మీద మలుపులు, కడుపులో తిప్పుతుంది. ఒక్కరోజులో వెళ్లి రావాలంటే వెళ్లేటప్పుడు తీరం వెంట వెళ్లి, వచ్చేటప్పుడు కొలాక్ మీదుగా లోపలి దారిన రండి. అపోలో బేలో ఒక రాత్రి ఆగగలిగితే పెద్దవాళ్లకు ఇంకా మంచిది. ట్వెల్వ్ అపోస్టల్స్ అన్న పేరు చూసి పన్నెండు లెక్కపెట్టకండి. అలలు కోయగా మిగిలినవి ఎనిమిది, 2005లో ఒకటి కళ్లముందే కూలింది.

పఫింగ్ బిల్లీ అనే పాతకాలపు చిన్నరైలుకు కారు అక్కర్లేదు, బెల్‌గ్రేవ్ దాకా మైకీ మీదే రైల్లో వెళ్లవచ్చు. కానీ మనవలతో వెళితేనే బాగుంటుంది. బొగ్గు ఇంజను, 762 మిల్లీమీటర్ల చిన్న పట్టా, 1900లో మొదలైంది. మన నౌపడ–పర్లాకిమిడి చిన్నరైలు మొదలైందీ 1900లోనే, పట్టా వెడల్పూ అదే. మనది బ్రాడ్‌గేజి అయిపోయింది. వాళ్లది అలాగే నిలుపుకున్నారు. ఆ చిన్నరైలు ఎక్కిన టెక్కలి, పాతపట్నం వైపు పెద్దలు దీన్ని తప్పక చూడాలి. సీట్లు ముందే బుక్ చేయాలి. పెట్టెలకు అద్దాలుండవు, చలికాలంలో గాలి, ఎప్పుడైనా మసి, కాబట్టి తెల్లబట్టలు వద్దు. అడవులు అంటుకునే ప్రమాదమున్న రోజుల్లో బొగ్గు ఇంజను బదులు డీజిల్ ఇంజను తగిలిస్తారు. ఆవిరి ఇంజనే చూడాలనుకుంటే బాగా వేడిగా ఉండే రోజు వదిలేసి మరో రోజు పెట్టుకోండి.

క్యారమ్ డౌన్స్ శివవిష్ణు ఆలయం పడమటి శివార్ల నుంచి ఊరికి అవతలి కొస, రైలు, బస్సు మారాలి. దాన్ని పెంగ్విన్ల దారిలో కలుపుకుంటే ఒకే ప్రయాణంలో రెండూ అవుతాయి. పొద్దున దర్శనం, మధ్యాహ్నం దాటాక ద్వీపం వైపు.