తాతగారి యుద్ధ చరిత్ర వెతకాలంటే ముందు నంబరు

పేరుతో వెతుకులాట మొదలుపెట్టకండి. బ్రిటిష్ వారి కాలపు సైన్యం మన పేర్లను వినపడినట్టు రాసుకుంది. ఇంటిపేరు చాలాసార్లు వదిలేసింది. ఒకే పటాలంలో అదే పేరుతో పదిమంది ఉండొచ్చు. సర్వీసు నంబరు, రెజిమెంటు పేరు జంటగా దొరికితేనే మనిషి తేలతాడు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి గుండ్రటి పతకాల అంచున నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. భూతద్దంతో చూడండి. చింతపండు పెట్టి తోమారో, ఆ అక్షరాలే అరిగిపోతాయి. పతకం లేకపోతే ట్రంకుపెట్టెలో డిశ్చార్జి సర్టిఫికెట్టో పింఛను పుస్తకమో వెతకండి.

యుద్ధంలో చనిపోయి ఉంటే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ (CWGC) వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. అందులో 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు జరిగిన మరణాలే ఉంటాయి. బతికి వచ్చినవాళ్ల పేర్లు ఉండవు, కాబట్టి కనబడలేదని సైన్యంలో లేడనుకోకండి. ఊరి పేరు, తండ్రి పేరు అదనపు సమాచారం గడిలో వేసి చూడండి. కాకినాడను కొకనాడ (Cocanada) అని, ఏలూరును ఎల్లోర్ (Ellore) అని నాటి ఇంగ్లీషు స్పెల్లింగులోనే కొట్టాలి. జిల్లాల దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. సైనికుల ఊరిగా పేరున్న మిలిటరీ మాధవరం ఇప్పుడు పశ్చిమ గోదావరి, కానీ ఆ జిల్లా పుట్టిందే 1925లో. మొదటి యుద్ధపు కాగితాల్లో కృష్ణా జిల్లా అని ఉండొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో చనిపోయి, సమాధి లేనివాళ్ల పేర్లు రంగూన్ స్మారకం మీద, మలయాలో అలా చనిపోయినవాళ్లవి సింగపూర్ స్మారకం మీద దొరుకుతాయి.

బతికి వచ్చినవారి కోసం ఆ దళం రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాయాలి. మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్లకు (సైనిక ఇంజనీర్లు) బెంగళూరు, ఆర్టిలరీకి (ఫిరంగి దళం) నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు (సమాచార దళం) జబల్‌పూర్. నంబరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, సుమారు సంవత్సరాలు, పతకం ఫోటో, మీ బంధుత్వానికి ఆధారం జత చేయండి. పింఛను లేనివారి షీట్ రోల్‌ను (సర్వీసు వివరాల పత్రం) 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు. 'రికార్డు లేదు' అని జవాబొస్తే అక్కడే ఆగకుండా 'లాంగ్ రోల్'లో (దళంలో చేరినవారి పేర్ల పట్టిక) నమోదు ఉందేమో చూడమని మళ్లీ రాయండి.

పటాలం తెలిశాక లండన్‌లోని క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో పటాలాలు రోజువారీగా రాసిన యుద్ధ డైరీలు పనికొస్తాయి: మొదటి యుద్ధానికి డబ్ల్యూఓ (WO) 95 అనే ఫైళ్ల వరుస, రెండో యుద్ధంలో బర్మాకు డబ్ల్యూఓ 172. వాటిలో మామూలు సిపాయి పేరు దొరకడం అరుదు, కానీ పటాలం ఏ రోజు ఎక్కడుందో తెలుస్తుంది.

తెలంగాణవారైతే ముందు నిజాం సైన్యమా, బ్రిటిష్ సైన్యమా తేల్చుకోండి. నిజాం అశ్వదళమైన హైదరాబాద్ లాన్సర్లు మొదటి యుద్ధంలో పాలస్తీనా దాకా వెళ్లారు. నిజాం కాగితాల కోసం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లేటప్పుడు ఉర్దూ చదవగలిగినవారిని వెంట తీసుకెళ్లండి.